కిటికీలో తాబేలు

మార్చి 4, సోమవారం

నా ఇంటికి నేను తాళం వేసుకుంటే ఊరికేం నొప్పి?

ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు. మెట్ల మీద పై అంతస్తు వాళ్ళు అడిగారు. చివరికి లాండ్రీలో మా సూపర్‌వైజరు కూడా, తనేదో పిల్లల్ని వెండి పళ్ళెంలో పెట్టి పెంచినట్టు, "పిల్లని లోపల పెట్టి బయట తాళం వేశావా?" అని బుగ్గలు నొక్కుకుంది. వేశాను. బడి మధ్యాహ్నానికే వదిలేస్తారు. నా కూతురు పిడుగును ఇంటికి తెచ్చి, తిండి పెట్టి, తాళం వేసి, చీకటి పడేదాకా హోటల్ దుప్పట్లు ఇస్త్రీ చేస్తాను. తాళం వేయకపోతే ఎవడైనా లోపలికొస్తే? అప్పుడు మాత్రం "తాళం కూడా వేయలేదా?" అని అడిగేది వీళ్ళే.

శుక్రవారం పిడుగు పాలు వేడి చేసుకోబోయింది. మసిగుడ్డకి మంట అంటుకుంది. కిటికీ దగ్గర నిలబడి అరిస్తే ఎదురుగా మందుల షాపాయన షట్టరు రాడ్డు పట్టుకుని పరిగెత్తుకొచ్చి తాళం పగలగొట్టాడు. మంచి తాళం. పిల్ల మణికట్టు మీద చిన్న బొబ్బ. అంతే. ఎన్నిసార్లు రాసినా అంతే.

రేపు పిల్లల భద్రత ఆఫీసు నుంచి ఎవరో వస్తారట. రానీ. నా ఇల్లు అద్దంలా ఉంటుంది.

మార్చి 5, మంగళవారం

వచ్చింది. భుజానికి తనంత సంచీ. పేరు చెప్పింది కానీ నేను చెవిన వేసుకోలేదు. నాకు సంచీ అమ్మాయే.

స్టవ్వు చూస్తుందనుకున్నాను, గ్యాసు పైపు చూస్తుందనుకున్నాను. అన్నీ తోమి పెట్టాను. ఆ పిల్ల మంచినీళ్ళు అడిగి తాగి, నేల మీద చతికిలబడి, సంచీలోంచి పెద్ద కాగితం తీసి నా గోడకి అంటించింది. మూడు గడులు గీసింది. ఏం భయంగా ఉంది, ఏం బాగుంది, ఏం జరగాలి.

"ఇదెవరి కోసం?" అన్నాను.

"మనందరి కోసమండి. మీకు కనిపించకుండా నేనేదీ రాయను."

బాగున్న గడి చాలాసేపు నింపింది. పిల్ల శుభ్రంగా ఉంది, బడి మానదు, అమ్మంటే ప్రాణం. నేను కాస్త మెత్తబడ్డ మాట నిజం. అప్పుడు భయం గడిలో రాసింది: పాప మళ్ళీ ఒంటరిగా ఉన్నప్పుడు మంటో పొగో వస్తే, సమయానికి ఎవరూ రాకపోతే, పాప చనిపోవచ్చు.

ఒంటికాలి మీద లేచాను. "నా గోడ మీద చావు అని రాస్తావా? ఎంత ధైర్యం నీకు?"

ఆ పిల్ల లేవలేదు, గొంతు పెంచలేదు. "మీరు కాపాడుకోవాలనే తాళం వేశారండి. అది నేను నమ్ముతున్నాను. కానీ ఆ రోజు పాప బయటికి రావాల్సొచ్చింది. అప్పుడా తాళం పాప వైపు ఉందా, మంట వైపు ఉందా?"

ఆ పిల్ల తాగిన గ్లాసు తీసుకెళ్ళి తోమాను. జవాబు లేక కాదు.

తర్వాత సున్నా నుంచి పది దాకా మార్కులు వేయమంది. సున్నా అంటే పాపని ఈ రోజే ఇంకో ఇంటికి పంపాలి, పది అంటే మా ఆఫీసుకి ఇక్కడ పనే లేదు. పది వేశాను. పది కంటే పెద్ద అంకె ఉంటే అదే వేసేదాన్ని. పోయేముందు గుమ్మం దగ్గర ఆగి, నా ముఖం చూసి చెప్పింది. మనం కలిసి మంచి ప్లాను వేసుకోలేకపోతే, పాపని కొన్నాళ్ళు వేరే కుటుంబం దగ్గర పెట్టాల్సొస్తుందట. కనీసం చాటున అనలేదు.

కాగితం చింపేద్దామని చూశాను. టేపు గట్టిది.

మార్చి 6

భయం గడి మీద క్యాలెండరు వేలాడదీశాను.

మార్చి 8, శుక్రవారం

ఈసారి పిడుగుతో విడిగా మాట్లాడతానంది. నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడు చేస్తూ విన్నాను. ఏమీ వినబడలేదు.

ఇల్లు బొమ్మ వేయించింది. భయాలుండే ఇల్లట. పిడుగుకి బొమ్మలు వేయడం రాదు. తలుపు కంటే తాళం పెద్దదిగా వేసింది. మార్కులు మూడు వేసింది. దానికి లెక్కలు కూడా సరిగ్గా రావు.

ఆ తర్వాత నన్నూ పిలిచి కూర్చోబెట్టింది, అసలు గొడవ అప్పుడే. "నీకు భయమేస్తే ఎవరొస్తే బాగుంటుంది?" అని అడిగితే నా కన్నబిడ్డ తడుముకోకుండా "నాయనమ్మ" అంది.

ఆవిడ ఉండేది రెండు వీధుల అవతల. ఆవిడ కొడుకు మమ్మల్ని వదిలేసి పోయిన రోజున మెట్ల మీద నిలబడి, మొత్తం బిల్డింగుకి వినబడేలా, "నీ నోరే వాణ్ణి వెళ్ళగొట్టింది" అన్న మనిషి. ఆ రోజే చెప్పాను, నా గడప తొక్కద్దని. తొక్కలేదు. నేను ఎవరి గుమ్మం దగ్గరా చేయి చాచలేదు. దాన్ని ఒక్కదాన్నే పెంచుతున్నాను. పెంచగలను.

"ఆవిడ ఈ ఇంట్లో కాలు పెట్టడానికి వీల్లేదు," అన్నాను.

"సరే," అంది సంచీ అమ్మాయి. "ఎక్కడిదాకా రావచ్చు?"

ఇలాంటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. "రోడ్డు మీద," అన్నాను. "రోడ్డు ఎవడబ్బ సొమ్మూ కాదు."

ఎగతాళికి అన్నాను. ఆ పిల్ల కాగితం మీద రాసేసుకుంది. రోడ్డు మీద నుంచి నాయనమ్మకి ఏం కనిపిస్తుందని పిడుగును అడిగింది. కిటికీ, అంది పిడుగు. అయితే కిటికీలో ఏం పెడదాం? పిడుగు మంచం కిందకి దూరి ఆకుపచ్చ ప్లాస్టిక్ తాబేలును తెచ్చింది. ఒక కన్ను అరిగిపోయింది. తల వీధి వైపు ఉంటే అంతా బాగున్నట్టు. తల గది వైపు తిప్పితే, ఎవరైనా వచ్చి నన్ను అడగండి అన్నట్టు. ఎందుకు తిప్పావని కోప్పడకూడదు. దాన్ని తిప్పే హక్కు పిడుగుది ఒక్కదానిదే.

నాలుగు అంగుళాల తాబేలు నా బిడ్డకి కాపలాయట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మార్చి 11, సోమవారం

మీటింగు. మా అక్క వచ్చింది, మందుల షాపాయన షాపు కుర్రాడికి అప్పజెప్పి వచ్చాడు. అత్తగారూ వచ్చింది. గడప తొక్కద్దన్నాను కదా, గడప బయట మెట్టు మీద కూర్చుంది. ఒక చెవి వినబడదు, అందుకని అరుస్తుంది. సంచీ అమ్మాయి సరిగ్గా గుమ్మంలో కూర్చుని ఇటొక మాట అటొక మాట అందిస్తూ మీటింగు నడిపింది. మా ఇంటి గుట్టు మూడు అంతస్తులూ ఎక్కి దిగింది.

"మీరంతా చెప్పండి," అంది ఆ పిల్ల. "ప్లాను నాది కాకూడదు. మీరు నడిపించేది కావాలి."

"అయితే నువ్వెందుకు?" అన్నాను.

"నేను గుచ్చి గుచ్చి అడగడానికండి."

అడిగింది కూడా. నా షిఫ్టంతా తను పిడుగు దగ్గరుంటానంది అక్క. మీ పిల్లలకి జబ్బు చేస్తే, అంది సంచీ అమ్మాయి. అప్పుడు మా చెల్లి నాకు కాదు, మీకు ఫోన్ చేస్తుందంది అక్క, నా వైపు చూడకుండా. బయట తాళం వేయకూడదు. పిల్ల ఒంటరిగా ఉండకూడదు. అత్తగారు రోజూ సాయంత్రం ఎండ తగ్గాక మందుల షాపు ముందు నిలబడి తాబేలును చూస్తుంది. చీకటి పడితే ఆవిడకి చూపు ఆనదు. తల తిరిగి ఉంటే ఎవరు చూసినా వెంటనే పైకి రావాలి, ముందు పిల్లని అడగాలి, ఆ రోజే సంచీ అమ్మాయికి చెప్పాలి.

"నన్ను అడగక్కర్లేదా?" అన్నాను.

"మిమ్మల్ని తర్వాత," అంది.

"పైకి రావాలంటే లోపలికి రావాలి కదా!" అని మెట్టు మీద నుంచి అత్తగారు అరిచింది. నేను కిటికీ వైపు తిరిగాను. పిడుగు నావైపే చూస్తోంది. సరే, తల తిరిగిన రోజున మాత్రం, అన్నాను. తిరగదు కాబట్టి.

మార్చి 14

అక్క వస్తోంది. అత్తగారు రోడ్డు మీద నిలబడుతోందట. గొడుగు కింద, పోలీసులా. పిడుగు కిటికీలోంచి చేయి ఊపుతుందట. ఊపుకోనీ.

మార్చి 19, మంగళవారం

అక్క కొడుక్కి జ్వరం. రాలేనంది. జ్వరానికి నేనేం చేయను? షిఫ్టు మానితే ఆ బుగ్గలు నొక్కుకునే మనిషి నా మిషన్ దగ్గర ఇంకొకరిని నిలబెడుతుంది.

బయట తాళం వేయలేదు. లోపల గొళ్ళెం పెట్టుకోమన్నాను. రెండూ ఒకటి కాదు. స్టవ్వు వైపు పోవద్దన్నాను. ఒక్క రోజు.

మార్చి 20

జ్వరం తగ్గలేదు. నేనొచ్చేసరికి తాబేలు గది వైపు తిరిగి ఉంది. పొద్దున దుమ్ము దులిపాను కదా, అప్పుడు తిరిగుంటుంది. సరిచేశాను.

మార్చి 21

మళ్ళీ తిరిగింది. ఈ రోజు దుమ్ము దులపలేదు.

చీకటి పడ్డాక తిప్పి ఉంటుంది. ఎవరూ చూడలేదు. నేను మళ్ళీ వీధి వైపు తిప్పుతుంటే పిడుగు మంచం మీద నుంచి చూసింది. ఏమీ అనలేదు. బొమ్మ పోతే బిల్డింగు లేచిపోయేలా ఏడ్చే పిల్ల. ఏమైనా అంటే బాగుండేది.

మార్చి 22, శుక్రవారం

సంచీ అమ్మాయి ఫోన్. "అక్క వస్తున్నారా అండీ?"

"వస్తోంది," అన్నాను.

అబద్ధం కాదు. మొన్నటిదాకా వచ్చింది, సోమవారమో మంగళవారమో మళ్ళీ వస్తుంది. మధ్యలో ఉన్న రోజుల గురించి ఆ పిల్ల అడగలేదు.

మార్చి 25, సోమవారం

అక్షరాలు ఎలా వస్తే అలా రాస్తున్నాను.

షిఫ్టు దిగి మెట్లెక్కుతుంటేనే చూశాను, తలుపు గొళ్ళెం తీసి ఉంది, సందులోంచి వెలుతురు. తోశాను. నా ఇంట్లో, నా కుర్చీలో, అత్తగారు. పిడుగు ఆవిడ మోకాళ్ళకి ఆనుకుని హోంవర్కు చేస్తోంది. తాబేలు కిటికీలో, తల లోపలికి.

నేను గుమ్మం దాటగానే తిప్పేసిందట. చీకటి పడ్డాక తిప్పితే ఎవరికీ కనబడదని దానికి అర్థమైపోయింది. పట్టపగలు తల తిరిగి ఉన్న తాబేలును ముందు మందుల షాపాయన చూసి ఆవిడకి ఫోన్ చేశాడట.

"ఎవరిని అడిగి లోపలికొచ్చారు?" అన్నాను. నిజానికి అరిచాను.

"తాబేలు పిలిచింది," అంది ఆవిడ. "సంచీ పిల్లకి ఫోన్ కూడా చేశాను. నువ్వు తిట్టుకో అమ్మాయ్. తిట్టించుకుని పోదామనే కూర్చున్నాను."

తిట్టాను. ఏం తిట్టానో రాయను. కొడుకును ఆపలేని దానివి నా కూతుర్ని లాక్కుపోవడానికి వచ్చావా అన్నాను. ఆవిడ వినబడే చెవినే నావైపు తిప్పి మొత్తం విన్నది. చివర్లో నెమ్మదిగా, ఆవిడ నెమ్మదిగా మాట్లాడటం ఇదే మొదటిసారి, "ఆ రోజు ఇది పాల కోసం స్టవ్వు వెలిగించలేదు. నువ్వొచ్చేసరికి టీ పెట్టి ఉంచుదామనుకుంది. నీకు తెలుసా?" అంది.

తెలుసు. ఆసుపత్రి మంచం మీదే చెప్పింది నాకు. నేను రాయలేదు, అంతే.

మార్చి 26

రేపు మీటింగు. సంచీ అమ్మాయి మీద ఉండే పెద్ద మేడం వస్తుందట.

బట్టలు సర్దమని ఎవరూ అనలేదు. నేనే పిడుగు గౌన్లు సంచీలో సర్దాను. మళ్ళీ తీసి బీరువాలో పెట్టాను. ఇస్త్రీ నలిగిపోయింది, మళ్ళీ చేశాను.

ఇవ్వను. నా బిడ్డని ఇవ్వను.

మార్చి 27, బుధవారం

పెద్ద మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మొదలుపెట్టింది. ప్లాను వేశారు, ఒప్పుకున్నారు, సంతకం పెట్టారు, రెండు వారాలు తిరక్కుండానే ప్లాను విఫలమైంది. అమ్మ మాకు నిజం చెప్పలేదు. కాబట్టి పాపని కొన్నాళ్ళు వేరే కుటుంబంలో ఉంచడం తప్ప మాకు దారి లేదు.

సంచీ అమ్మాయి తల దించుకుంది. అక్క ఏడుస్తోంది. పిడుగు పక్కింట్లో ఉంది. అత్తగారు ఈసారి గడప లోపలే కూర్చుంది, ఎవరూ పిలవలేదు, నేను పొమ్మనలేదు.

ఏం మాట్లాడాలో రాత్రంతా కూడబలుక్కున్నాను. అక్క కొడుకు జ్వరం, నా షిఫ్టు, గొళ్ళేనికీ తాళానికీ తేడా. అవన్నీ నోటిదాకా వచ్చాయి. వచ్చింది వేరే.

"విఫలం కాలేదు," అన్నాను.

"అమ్మా, మీరు పాపని ఒంటరిగా..."

"వదిలేశాను. ఇన్ని రోజులు వదిలేశాను. మొన్నే కాదు, అంతకుముందు కూడా తాబేలు తిరిగింది. రెండుసార్లు. చీకట్లో తిప్పింది, ఎవరూ చూడలేదు. నేను వెనక్కి తిప్పేశాను. మీకది తెలియదు కదా? మీ కాగితంలో లేదు కదా? రాసుకోండి."

సంచీ అమ్మాయి తల ఎత్తింది. అక్క నా చేయి పట్టుకుని లాగింది, నోరు మూసుకోమని. ఈ నోరు మూతపడేదైతే ఎప్పుడో పడేది.

"నేను వెనక్కి తిప్పినా పిల్ల మళ్ళీ తిప్పింది. అది చూస్తుండగానే వెనక్కి తిప్పినా, సోమవారం నేను పోగానే పట్టపగలే తిప్పింది. మనిషి వచ్చింది. నాకు ఇష్టం లేని మనిషి, నా ఇంట్లోకి వచ్చింది. ముందు పిల్లని అడిగింది. మీకు ఫోన్ చేసింది. ఇందులో ఏది పనిచేయలేదు? చెప్పండి. నా మీద పనిచేసింది మీ ప్లాను. నన్ను దాటుకుని పనిచేసింది. దాన్ని ఇంకో ఇంటికి పంపితే అక్కడ ఎవరి కిటికీలో తిప్పుతుంది? ఎవరు చూస్తారు? ఈవిడలా ఎండలో నిలబడి ఎవరు చూస్తారు?"

అత్తగారికి సగమే వినబడినట్టుంది, "ఏమందీ?" అని అక్కని అడుగుతోంది.

పెద్ద మేడం కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "మార్కులు ఎంత వేస్తారు?"

"రెండు," అన్నాను. "నాకు. దానికి పది."

అప్పుడు సంచీ అమ్మాయి మాట్లాడింది. ఇన్నాళ్ళూ నెమ్మదిగా మాట్లాడిన పిల్ల తన పెద్ద మేడంతో గట్టిగానే మాట్లాడింది. అమ్మ ఇప్పుడు చెప్పినది మనం కనిపెట్టింది కాదు మేడం, తనంతట తను చెప్పింది. ఇక్కడి నుంచి ప్లాను వేసుకోవచ్చు.

పెద్ద మేడం కరిగిపోయిందని రాస్తే అబద్ధం. బేరం గట్టిగానే ఆడింది. నా షిఫ్టులో పిల్ల నాయనమ్మ దగ్గరే ఉండాలి, మా ఇంట్లో, ఆవిడ దగ్గర తాళంచెవి ఉండాలి. ఆవిడ రాలేని రోజు నేను షిఫ్టుకి పోకూడదు, ఉద్యోగం ఉన్నా ఊడినా. చెప్పకుండా ఎప్పుడైనా వచ్చి చూస్తారు. ఇంకొక్కసారి పిల్ల ఒంటరిగా కనబడితే మాటల్లేవు, తీసుకుపోతారు. నెల చూస్తామంది.

"చూసుకోండి," అన్నాను.

వాళ్ళు పోయాక భయం గడి మీది క్యాలెండరు తీసేశాను. ఆ మాట అక్కడే ఉంది. ఉండనీ.

ఏప్రిల్ 1

కొత్త తాళంచెవి అత్తగారి చేతిలో పెట్టాను. ముఖం చూడలేదు. ఆవిడ కొంగుకి ముడేసుకుంది.

"నీ నోరే వాణ్ణి వెళ్ళగొట్టింది అన్నాను ఒకప్పుడు," అంది.

"అన్నారు."

"వాడి కాళ్ళు వాడివే. నీ నోటికేం సంబంధం?"

నా జవాబు కోసం ఆగకుండా వంటింట్లోకి పోయి, నా గిన్నెలు నేను పెట్టిన చోటు నుంచి తీసి వేరే చోట సర్దడం మొదలుపెట్టింది. పళ్ళు నూరుకున్నాను.

ఏప్రిల్ 4

సంచీ అమ్మాయి చెప్పకుండా వచ్చిందట. అత్తగారు ఎవరో తెలిసి కూడా గుర్తింపు కార్డు చూపిస్తే గానీ తలుపు తీయలేదట. నాకు ఈ మాట చెప్పి ఆ పిల్ల ఫోన్లో పగలబడి నవ్వింది. పేరు అడిగాను. ఇన్నాళ్ళకి.

ఏప్రిల్ 9, మంగళవారం

షిఫ్టు దిగి వస్తూ తిన్నగా మెట్లెక్కలేదు. మందుల షాపు ముందు, ఆవిడ నిలబడే చోట నిలబడ్డాను. ఇక్కడి నుంచి మా కిటికీ ఇంత చిన్నగా కనిపిస్తుందని నాకు తెలియదు. ఇంతదాని కోసం రోజూ వచ్చి మెడ పైకెత్తుకుని నిలబడిందా ఆవిడ?

లైటు వెలుగుతోంది. తాబేలు తల లోపలికి.

ఎలా ఎక్కానో గుర్తులేదు. తలుపు తోసేసరికి అత్తగారు కుర్చీలో ముడుచుకుని ఉంది, తప్పు చేసిన పిల్లలా. పిడుగు మంచం మీద కాళ్ళు ఊపుతూ కూర్చుంది. పొగ లేదు, మంట లేదు. మణికట్టు చూశాను, నుదురు చూశాను. వెంటనే ఆవిడ మీదికి తిరగబోయి, ఆగి, ముందు పిల్లని అడిగాను.

"ఏమైందే?"

"మధ్యాహ్నం మీరిద్దరూ గిన్నెల గురించి అరుచుకున్నారు కదా. మళ్ళీ నాయనమ్మ మెట్ల మీదికి వెళ్ళిపోతుందేమోనని భయమేసింది."

"ఇది నన్ను పోతావా పోతావా అని అడిగి చంపింది, సంచీ పిల్లకి ఫోన్ కూడా చేయించింది," అంది అత్తగారు. "సంచీ పిల్ల రేపు వస్తుందట. మనిద్దరితో మాట్లాడాలట."

ఇద్దరం మంచానికి చెరో పక్కా కూర్చున్నాం. గిన్నెలు ఎక్కడ ఉండాలో తేల్చుకున్నాం. గట్టిగా కాదు. ఆవిడకి వినబడాలి కాబట్టి మరీ మెల్లగా కూడా కాదు. ఎక్కడికీ పోనని ఆవిడ చెప్పింది. పొమ్మననని నేను చెప్పాను. నాకు ఏడుపొచ్చింది, పిల్ల ముందే ఏడ్చాను, ఏమవుతుంది?

కిటికీ నా చేతికి అందే దూరంలోనే ఉంది. తాబేలును ముట్టుకోలేదు.

"ఇక తిప్పుతావా?" అన్నాను పిడుగుతో.

పిడుగు నన్ను చూసింది, నాయనమ్మను చూసింది. గడ్డం కింద వేలు పెట్టుకుంది.

"ఆలోచించి చెప్తాను," అంది.

"దీనికి అచ్చం నీ నోరే వచ్చింది," అంది అత్తగారు.

అవును. వచ్చింది. ఎవరు ఎన్ని మాటలు పడాల్సొచ్చినా సరే, దాన్ని మూయించను.